ఇల్లు మారాం, జీరో బిల్లు పాత ఇంట్లోనే ఉండిపోయింది

కిరాయి ఇళ్లలో ఉండేవాళ్లకు ఉచిత కరెంటు రాదని మా గల్లీలో కొందరు ఇప్పటికీ అనుకుంటారు. వస్తుంది. మీటరు ఓనరు పేరు మీదున్నా వస్తుంది, మాకు వస్తోంది. చిక్కల్లా వేరే చోట ఉంది. కిరాయికి ఉన్నవాళ్లు రెండేళ్లకో మూడేళ్లకో ఇల్లు మారతారు, మీటరేమో ఆ గోడకే ఉంటుంది. తెలంగాణలో రేషన్ కార్డున్న ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి పథకంలో మన రేషన్ కార్డును ఒక మీటరుకు జోడిస్తారు కాబట్టి మనం సామాను ఆటోలో వేసుకుని వచ్చేసినా పథకం పాత ఇంట్లోనే ఉండిపోతుంది. దాన్ని కొత్త ఇంటికి తెచ్చుకోవడానికి ఎక్కడెక్కడ తిరిగామో, ఎవరేమన్నారో రాస్తున్నాను. మాలాగే కిరాయి ఇళ్లలో ఉండేవాళ్లకు పనికొస్తుందని.

మా ఆయన వరంగల్‌లో ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో గుమస్తా. పత్తి, మిర్చి వచ్చే రోజుల్లో ఇంటికి చేరేసరికి రాత్రి పది దాటుతుంది. వానాకాలంలో పని పలచబడుతుంది, పైసలు కూడా. నేను ఇంట్లో జాకెట్లు, డ్రెస్సులు కుడతాను. ఇద్దరు పిల్లలు. రేషన్ కార్డు 2021లో వచ్చింది. పథకం రాకముందు మా కరెంటు బిల్లు నెలకు ఆరు వందల దగ్గర ఉండేది. 130 యూనిట్లు కాలితే మొదటి వందకు యూనిట్‌కు 3.40 రూపాయలు, మిగతా ముప్పైకి 4.80 చొప్పున 484 రూపాయలవుతుంది. దాని మీద కస్టమర్ చార్జీ, ఫిక్స్‌డ్ చార్జీ, డ్యూటీ. ఉన్నవాళ్లకు ఆరు వందలు పెద్ద లెక్క కాకపోవచ్చు. మాకు అది పిల్లల స్కూలు ఆటోకు కట్టే దాంట్లో సగం.

2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 దాకా ప్రజాపాలన పేరుతో సర్కారు పథకాలకు దరఖాస్తులు తీసుకున్నారు. మహాలక్ష్మి, రైతు భరోసా, ఇందిరమ్మ ఇళ్లు, గృహజ్యోతి, చేయూత, అన్నిటికీ కలిపి ఒకటే ఫారం. గృహజ్యోతి దగ్గర నెలకు ఎన్ని యూనిట్లు వాడతారో టిక్ పెట్టి, మీటరు కనెక్షన్ నంబరు రాయాలి. అప్పుడు మేం హంటర్ రోడ్డు వైపు ఉండేవాళ్లం. ఆ ఇంటి బిల్లు చూసి నంబరు రాసి, రేషన్ కార్డు, ఆధార్ జిరాక్సులు పెట్టి డివిజన్‌లో పెట్టిన కౌంటర్లో ఇచ్చాం. వాళ్లు ఫారం చివరి ముక్క చింపి రసీదుగా ఇచ్చారు. దాన్ని నేను జాకెట్ల కొలతలు రాసుకునే పుస్తకంలో దాచాను. మీ దగ్గర కూడా ఆ కాగితం ఉంటే పారేయకండి, ఏ కౌంటరుకు వెళ్లినా మొదట అడిగేది దాని మీదున్న దరఖాస్తు నంబరే.

ఆ ఇల్లు ఖాళీ చేయాలని అప్పటికే అనుకుంటున్నాం. 2023 జూలై చివర్లో పడ్డ వానలకు ఆ వైపు కాలనీలు మునిగిన సంగతి వరంగల్‌లో అందరికీ తెలిసిందే. మా ఇంట్లో కుట్టు మిషన్ పెడల్ మునిగేదాకా నీళ్లొచ్చాయి. కస్టమర్ల బట్టలన్నీ అటక మీదికి విసిరేసి పిల్లల్ని తీసుకుని బయటపడ్డాం. ఇంకో వానాకాలం అక్కడ ఉండొద్దని, మార్కెట్‌కు దగ్గరగా కూడా ఉంటుందని కాశిబుగ్గలో రెండు గదుల పోర్షన్ చూసుకుని 2024 ఫిబ్రవరిలో మారాం.

అదే నెల 27న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గృహజ్యోతిని, ఐదు వందలకు గ్యాస్ సిలిండర్ పథకాన్ని ప్రారంభించారు. మార్చి నుంచి జీరో బిల్లులు కొట్టడం మొదలైంది. కొత్త ఇంట్లో బిల్లు కొట్టే తమ్ముడు వచ్చినప్పుడు రేషన్ కార్డు, ఆధార్ చేతిలో పట్టుకుని గేటు దగ్గరే నిలబడ్డాను. అతను మెషీన్‌లో చూసి, "ఈ మీటరుకు ఏ కార్డూ లింకు లేదక్కా, మామూలు బిల్లే వస్తది" అని కాగితం చింపి ఇచ్చాడు. పక్కింటి వాళ్లకు జీరో, మాకు ఐదు వందల చిల్లర.

ఆ వారంలోనే పాత ఇంటి నుంచి ఫోన్. మా తర్వాత ఆ ఇంట్లో దిగింది ములుగు వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఆమె భర్త సెంట్రింగ్ పని చేస్తాడు. మా పాత గిన్నెల స్టాండు వాళ్లకే వదిలేసి వచ్చాం కాబట్టి నా నంబరు ఆమె దగ్గర ఉంది. "అక్కా, మాకు కరెంటు బిల్లు సున్నా వచ్చింది, మేం అప్లై కూడా చెయ్యలే" అని తెగ సంబరపడింది. అది మా కార్డు మీద వచ్చిన సున్నా అని నాకు వెంటనే అర్థమైంది. అయినా ఆ పూట ఆమెకు చెప్పబుద్ధి కాలేదు.

మొదట కరెంటోళ్ల సెక్షన్ ఆఫీసుకు వెళ్లాం. అక్కడి సారు మంచిగానే మాట్లాడారు కానీ, బిల్లుల సంగతి ఈఆర్‌వోలో చూస్తారు, అక్కడికి పొమ్మన్నారు. ఈఆర్‌వో అంటే కరెంటు రెవెన్యూ ఆఫీసు. బిల్లు తప్పుగా వచ్చినా, పేరు మార్చాలన్నా, బకాయి చూడాలన్నా అక్కడికే పోవాలి. అక్కడ కూర్చున్న మేడం రెండు ముక్కల్లో తేల్చేశారు. ఏ కార్డుకు ఏ మీటరు అన్న జాబితా ప్రజాపాలన దరఖాస్తుల నుంచి వస్తుంది, దాని ప్రకారం బిల్లు కొట్టడమే కరెంటు సంస్థ పని. మార్పులు చేర్పులకు ప్రజాపాలన సేవా కేంద్రానికి వెళ్లాలి. ఊళ్లల్లో అయితే ఎంపీడీవో ఆఫీసులో, పట్టణాల్లో మునిసిపల్ ఆఫీసుల్లో ఉంటాయి. ఈ ఒక్క ముక్క ముందే తెలిసి ఉంటే సెక్షన్ ఆఫీసు మెట్లు ఎక్కే పనే ఉండేది కాదు. నా అనుభవంలో జనం ఎక్కువగా తిరిగేది ఇక్కడే. కరెంటు బిల్లు కాబట్టి కరెంటు ఆఫీసులోనే అడుగుతారు.

సేవా కేంద్రానికి వెళ్లేసరికి మార్చి 16 దాటింది, లోక్‌సభ ఎన్నికల కోడ్ వచ్చేసింది. "ఇప్పుడేం మార్చలేమమ్మా, కోడ్ పోయినంక రా" అన్నారు. మనకు పోలింగ్ మే 13న. అది అయిపోయిందనుకుంటే వరంగల్, ఖమ్మం, నల్గొండ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఉప ఎన్నిక మే 27న. జూన్ మొదటి వారం దాకా ఆగక తప్పలేదు. ఆ నెలల బిల్లులు కట్టుకుంటూ పోయాం. కట్టకుండా ఉంటే తర్వాత ఎవరైనా సర్దుతారని కొందరు చెప్పారు కానీ మా ఆయన ఒప్పుకోలేదు. బకాయి పడితే జీరో బిల్లు ఆగిపోతుందని అప్పటికే అందరూ అంటున్నారు, పైగా మీటరు ఇంకొకరిది.

ఈ ఖాళీలో ఓనర్ అంకుల్‌ను ఒప్పించే పని పెట్టుకున్నాం. అది ఆఫీసు పనికన్నా కష్టమైంది. ఆయన పైన ఉంటారు, రిటైరయ్యారు, పింఛను వస్తుంది, రేషన్ కార్డు లేదు. అంటే మా పోర్షన్ మీటరు మీద ఆయనకు జీరో బిల్లు వచ్చే అవకాశమే లేదు, మాకు వస్తే ఆయనకు పోయేదీ లేదు. అయినా, "నా మీటరుకు నీ ఆధార్ ఎక్కిస్తే రేపు ఇల్లు నాదే అంటవా బిడ్డా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు, కానీ ఆ నవ్వు వెనక భయం లేకపోలేదు. "కరెంటు బిల్లుతోని ఇండ్లు వచ్చేటట్లయితే మేం మారిన ఇండ్లకు ఈపాటికి సగం వరంగల్ మాదే కావాలె అంకుల్" అన్నాను. ఆంటీ పకపకా నవ్వింది, ఆయన మాత్రం ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు. కిరాయి వస్తున్న సంగతి సర్కారుకు తెలిసి ఇంటి పన్ను పెంచుతారేమోనన్నది ఆయన రెండో అనుమానం. చివరికి మా ఆయన మార్కెట్లో తనకు తెలిసిన ఒక ఓనరుతో ఫోన్‌లో మాట్లాడించారు. వాళ్ల కిరాయిదారుకు అప్పటికే జీరో బిల్లు వస్తోంది, ఆయన ఇంటికి ఏమీ కాలేదు. అప్పుడు అంకుల్ లోపలికి వెళ్లి బిల్లు తెచ్చి, "జిరాక్స్ తీసుకోని నాది నాకియ్యి" అన్నారు. ఇంతా చేస్తే కౌంటర్లో ఓనరు సంతకం ఎవరూ అడగలేదు. బిల్లు కాపీ ఉంటే సరిపోయింది. మీ దగ్గర ఎలా అడుగుతారో నేను చెప్పలేను కానీ, ఓనరుకు ముందే చెప్పి చేయడమే మేలు. దొంగచాటుగా చేస్తే రేపు ఇల్లు ఖాళీ చేయమంటారు.

కోడ్ పోయాక సేవా కేంద్రం ముందు జాతరే. అందరూ అప్పటిదాకా ఆగినవాళ్లే. బయట ఆన్‌లైన్ సెంటర్ వాళ్లు "రెండు వందలియ్యండి, లైన్ల నిలబడకుండ చేసిపెడ్తం" అని తిరుగుతున్నారు. లోపల రూపాయి అడగలేదు. నా ముందున్న ముసలామె రేషన్ కార్డు తెచ్చింది కానీ కరెంటు బిల్లు తేలేదు. "మీటరు నంబరు నాకేం ఎరుక బిడ్డా, గోడకున్నది గదా" అంటే ఆపరేటర్ ఏం చెప్పాలో తెలియక నవ్వాడు. ఆమె మనవడు ఇంటికి ఫోన్ చేసి, బిల్లు ఫొటో వాట్సాప్‌లో తెప్పించి పని చేయించాడు.

నా వంతు వచ్చింది. కొలతల పుస్తకంలోంచి రసీదు తీసి ఇస్తే ఆపరేటర్ ఆ నంబరు కొట్టాడు. స్క్రీన్ మీద నా పేరు, కార్డు నంబరు, పాత ఇంటి మీటరు నంబరు వచ్చాయి. ఒక కార్డుకు ఒక మీటరే కాబట్టి పాతది తీసేసి కొత్తది ఎక్కించాలి. బిల్లు మీద రెండు నంబర్లుంటాయి. ఒకటి సర్వీసు నంబరు, ఇంకొకటి యూనిక్ సర్వీసు నంబరు. వాళ్లకు కావలసింది రెండోది. చాలామంది మొదటిది రాసిచ్చి, జీరో బిల్లు రాలేదని మళ్లీ వస్తున్నారట. ఆపరేటర్ నంబరు కొట్టి ప్రింటు తీసిచ్చాడు. అక్కడే నిలబడి వేలు పెట్టి ఒక్కో అంకె చూశాను. బిల్లులో 38 ఉన్నచోట కాగితం మీద 83 ఉంది. చెబితే, "అరె, పొద్దటిసంది ఇదే పని గదా మేడం" అని సరిచేసి మళ్లీ తీసిచ్చాడు. పాపం, తప్పు పట్టడానికి కూడా మనసు రాలేదు. కానీ ఆ ఒక్క జోడీ అంకెలతో మా కార్డు ఇంకెవరి మీటరుకో పోయేది, మేం మళ్లీ మొదటికొచ్చేవాళ్లం. కాగితం చేతికి రాగానే కదలకుండా అక్కడే సరిచూసుకోండి.

ఆ మరుసటి నెల కూడా మామూలు బిల్లే వచ్చింది. ఈఆర్‌వోకు వెళ్తే, ఆ నెల జాబితా ముందే వచ్చేసింది, మీ మార్పు వచ్చే నెల జాబితాలో కనపడుతుందన్నారు. ఆ తర్వాతి నెల బిల్లు కొట్టే తమ్ముడు మీటరు ముందు మెషీన్ పట్టి, ఒక క్షణం ఆగి, "అక్కా, నీది కూడా అయ్యింది" అన్నాడు. ఆ కాగితంలో అన్నీ ఉన్నాయి. పాత రీడింగు, కొత్త రీడింగు, కాలిన యూనిట్లు, వాటికి అయిన డబ్బు. దాని కింద గృహజ్యోతి సబ్సిడీ కింద అంతే మొత్తం తీసేసి, కట్టాల్సింది సున్నా. మా పెద్దోడు దాన్ని పట్టుకుని, "మరి ఈ పైసలు ఎవరు కడ్తరమ్మా?" అని అడిగాడు. సర్కారు కరెంటు సంస్థకు కడుతుందని చెప్పాను. వాడికి నమ్మకం కుదరలేదు.

ఇక పాత ఇంటి చెల్లె సంగతి. మార్పు చేయించడానికి వెళ్లేముందే ఫోన్ చేసి చెప్పాను. "మూడు నెలలన్న ఉండనియ్యరాదక్కా, వానకాలంల మాకు పనే ఉండదు" అంది. ఏం చెప్పను? ఆమె ఇల్లు మా ఇంటికన్నా ఇబ్బందిలో ఉంది. కానీ ఆమెకున్న రేషన్ కార్డు మామ పేరు మీద ఊళ్లో ఉంది, ఆ కార్డు మీద ఊళ్లో ఇంటికి జీరో బిల్లు వస్తూనే ఉంది. అదే కార్డులో పేరున్న కొడుకూ కోడలూ పట్నంలో కిరాయికి ఉంటే వాళ్ల మీటరుకు ఏమీ రాదు. పొట్టచేత పట్టుకుని ఊరు వదిలి వచ్చిన వాళ్ల సంగతి ఈ లెక్కలో ఎక్కడా లేదు. నా అభిప్రాయంలో పథకంలో అన్నిటికన్నా పెద్ద లోటు ఇదే. కొత్త కార్డులు ఇవ్వడం 2025లో మొదలయ్యాక ఆమె మామ కార్డులోంచి పేర్లు తీయించుకుని మీసేవలో విడి కార్డుకు దరఖాస్తు పెట్టుకుంది. నా మీద కోపం పెట్టుకోలేదు, ఆ మధ్య బిడ్డ ఓణీల ఫంక్షన్‌కు జాకెట్లు కూడా నా దగ్గరే కుట్టించుకుంది.

జీరో బిల్లు వచ్చిందని మేం నిమ్మళంగా ఉండగానే 2025 మే నెలలో 214 యూనిట్లు కాలాయి. 200 దాటితే దాటిన పద్నాలుగు యూనిట్లకే కడితే సరిపోదు, మొత్తం బిల్లు కట్టాలి. పైగా స్లాబు మారుతుంది. 200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లకు 5.10 చొప్పున 1,020 రూపాయలు, మిగతా పద్నాలుగింటికి 7.70 చొప్పున 107 రూపాయల 80 పైసలు. మిగతా చార్జీలు కలిసి పన్నెండు వందలు దాటింది. ఆ పద్నాలుగు యూనిట్లు తగ్గి ఉంటే రూపాయి కూడా లేదు. సున్నా నుంచి ఒకేసారి పన్నెండు వందలు అంటే మా ఆయన బిల్లును తిప్పి తిప్పి చూశారు. ఊరటేమిటంటే, దాటిన నెల బిల్లు కట్టేస్తే తర్వాతి నెల 200 లోపు ఉండగానే మళ్లీ జీరో వస్తుంది. మాకు జూన్‌లో వచ్చింది.

అప్పటినుంచి బిల్లు కొట్టిన రోజు రీడింగును మీటరు బోర్డు పక్కన నా చాక్‌పీసుతో గోడ మీద రాస్తున్నాను. ముప్పై రోజులకు 200 అంటే రోజుకు ఆరున్నర యూనిట్లకు కాస్త ఎక్కువ. మీటరులో అంకెలు ఒకదాని తర్వాత ఒకటి మారుతుంటాయి, కిలోవాట్ అవర్ అని వచ్చినప్పుడు ఉన్నదే మన రీడింగు. వారానికోసారి చూసుకుంటే ఎటు పోతున్నామో తెలుస్తుంది. మా ఇంట్లో కరెంటు తినేది కూలరు. 200 వాట్ల కూలరు రోజుకు పది గంటలు తిరిగితే రెండు యూనిట్లు, నెలకు అరవై. ఇస్త్రీ పెట్టె గంటసేపు వేడి మీదుంటే ఒక యూనిట్ దాకా. మిషన్ మోటారు రోజుకు అయిదు గంటలు నడిపితే నెలకు పదిహేను యూనిట్ల దాకా అవుతుంది, మేం దాటింది పద్నాలుగే కదా. అందుకని ఏప్రిల్, మే నెలల్లో మోటారు బెల్టు తీసేసి కాలితోనే తొక్కుదామని అనుకున్నాను. పెళ్లిళ్ల సీజన్లో అది అయ్యే పని కాదని వారంలోనే తెలిసిపోయింది. ఇప్పుడు ఎండాకాలంలో ఇస్త్రీ బట్టలు గల్లీ చివర ఇస్త్రీ దుకాణానికి ఇస్తున్నాను. రజకుల ఇస్త్రీ దుకాణాలకూ నాయీ బ్రాహ్మణుల సెలూన్లకూ 250 యూనిట్ల దాకా ఉచితమని ఇంకో పథకం 2021 నుంచే ఉంది, కాబట్టి ఆ అన్నకూ ఇబ్బంది లేదు.

యూట్యూబ్ వీడియోలు చూసి కంగారు పడేవాళ్లకు ఒక మాట. కర్ణాటకలో కూడా గృహజ్యోతి అనే పేరుతోనే పథకం ఉంది. అక్కడ పాత వాడకం సగటు మీద కొంత కలిపి, ఒక్కో ఇంటికి ఒక్కో పరిమితి పెడతారు. మా పక్కింటామె ఆ వీడియో చూసి, పోయిన ఏడాది తక్కువ వాడాం కాబట్టి ఇప్పుడు ఎక్కువ వాడితే బిల్లు వస్తుందని ఫ్రిజ్ కట్టేసి కూర్చుంది. మన దగ్గర ఆ లెక్క లేదు, 200 దాటిందా లేదా అన్నదే. గ్యాస్ సంగతి కూడా చాలామంది అడుగుతారు. సిలిండర్‌కు ముందు మొత్తం డబ్బు మనమే కట్టాలి, ఐదు వందలు పోను మిగతాది తర్వాత బ్యాంకు ఖాతాలో పడుతుంది.

ఇప్పుడు తేలనిది మా ఇంట్లోనే వెనక పోర్షన్ వాళ్లది. వాళ్లకు విడి మీటరు లేదు, ఓనరు మీటరు నుంచి తీసిన సబ్ మీటరు ఉంది. కరెంటు సంస్థ లెక్కలో సబ్ మీటరు అనేదే లేదు, దానికో నంబరూ లేదు. ఓనరుకు యూనిట్‌కు పది రూపాయలు లెక్కగట్టి ఇస్తున్నారు. అంటే రేషన్ కార్డు ఉన్న ఇల్లు, బంగళాల్లో ఉండే చాలామందికన్నా ఎక్కువ రేటు కడుతోంది. ఆ పోర్షన్ ఆయన, మా ఆయన కలిసి అంకుల్ దగ్గర కూర్చుంటే, కొత్త మీటరుకు దరఖాస్తు మీద సంతకం పెట్టడానికి ఆయన ఒప్పుకున్నారు. డిపాజిట్, వైరింగు ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న దగ్గర మాట ఆగింది. సగం సగం అంటున్నారు వీళ్లు, మీటరు ఇంటికే ఉంటుంది కదా మొత్తం అంకులే పెట్టుకోవాలంటోంది ఆంటీ.